వాటా నుంచి సంతకం దాకా

1957లో అమెరికాలోని ఎం.ఐ.టి.కి ఐబీఎం 704 యంత్రం వచ్చినప్పుడు రోజులోని 24 గంటలను మూడు వాటాలు వేశారు. ఒక షిఫ్టు ఎం.ఐ.టి.ది, ఒక షిఫ్టు న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని ఇతర కళాశాలలది, మిగిలిన షిఫ్టు యంత్రాన్ని సమకూర్చిన ఐబీఎంది. విద్యార్థి తన ప్రోగ్రామును కార్డుల మీద పంచ్ చేసి, ఆ కట్టను ఆపరేటరుకు అప్పజెప్పేవాడు. ఆపరేటరు దాన్ని వరసలో పెట్టేవాడు. ఫలితం కొన్ని గంటలకో మర్నాటికో కాగితం మీద అచ్చయి వచ్చేది. ఎక్కడో ఒక్క కామా జారిపోతే మళ్లీ మొదటికి రావాల్సిందే. విశ్వవిద్యాలయంలో కంప్యూటరును ఎలా వాడాలి, ఎలా వాడకూడదు అన్న చర్చ పుట్టింది ఈ వరస దగ్గరే. చెరువు కింద రైతులు వంతులు వేసుకుని నీళ్లు పెట్టుకున్నట్టే ఇదీ. ఒకడు మడవ ఎక్కువసేపు తీసి ఉంచితే పక్కవాడి చేను ఎండుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాబట్టి నియమం ఎందుకుందో ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని ఉండేది కాదు.

ఇవాళ విద్యార్థి ఏ విశ్వవిద్యాలయంలో చేరినా మొదటి వారంలోనే కంప్యూటర్ల వినియోగ నియమావళి ఒకటి అతని ముందుకొస్తుంది. తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని నొక్కితేగాని వైఫై రాదు. ఎమ్మెస్ చదవడానికి ఏటా అమెరికా వెళ్తున్న మన పిల్లలు ఆ దేశంలో ఒప్పుకునే తొలి ఒప్పందాల్లో ఇదొకటి. దాన్ని చదివేవాళ్లు అరుదు, చదవరని రాసినవాళ్లకూ తెలుసు. వాటాలతో మొదలైన వ్యవహారం చదవని సంతకంగా ఎలా మారిందన్నదే ఇక్కడ చెప్పబోయే చరిత్ర. బాధ్యత పంపకంలోంచి పుట్టిందనీ, ఆ పంపకం వాడేవాడి కంటికి ఆనినంతకాలం మోటుగానైనా నిలిచిందనీ, ఆనకుండా పోయాక ఆ ఖాళీలోకి ముందు కాగితం, తర్వాత చట్టం వచ్చి కూర్చున్నాయనీ నా వాదం. కాగితం వల్ల విశ్వవిద్యాలయానికి రక్షణ దొరికింది. బాధ్యత మాత్రం దానివల్ల పెరిగిన దాఖలా పెద్దగా కనబడదు.

కార్డుల వరసను తప్పించడానికి ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబరులో ఒక కొత్త ఏర్పాటును చూపించింది. ఒకే యంత్రానికి అనేక టెర్మినళ్లు తగిలించి, ఒక్కొక్కరికీ సెకనులో చిన్న ముక్క చొప్పున కేటాయిస్తూ, అందరికీ యంత్రం తమదే అనిపించేలా చేశారు. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. యంత్రం ఒకటే కాబట్టి ఎవరి ఫైళ్లు వాళ్లవి అని వేరు చేయడానికి పాస్‌వర్డు పెట్టారు. దానితోపాటు ఎవరు ఎంతసేపు వాడుకున్నారో లెక్క కట్టే పద్ధతి కూడా వచ్చింది. పరిశోధక విద్యార్థి అలన్ షెర్‌కు అందులో వారానికి నాలుగు గంటలు ఇచ్చారు. ఆయన రాస్తున్న సిమ్యులేషన్లకు అవి ఏ మూలకూ చాలవు. 1962 వసంతంలో ఒక శుక్రవారం రాత్రి ఆయన ఒక కార్డు పంచ్ చేసి పెట్టాడు. పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును అచ్చువేయమని అందులో ఆదేశం. యంత్రం అడ్డు చెప్పలేదు. శనివారం పొద్దున వెళ్లి, అచ్చయిన కాగితాలు పెట్టే చోటి నుంచి జాబితాను తీసుకున్నాడు. ఆ తర్వాత ఇతరుల ఖాతాల్లోని గంటలూ ఆయనవే అయ్యాయి. ఈ సంగతి కోర్బాటోకు తెలిసింది పాతికేళ్ల తర్వాత, అదీ షెర్ నోటి నుంచే.

మనకు తెలిసినంతలో పాస్‌వర్డుల మొదటి దొంగతనం ఇదే. అందులో పోయింది రహస్యం కాదు, వంతు. షెర్‌కు ఎవరి ఫైళ్లతోనూ పనిలేదు, ఆయనకు గంటలు కావాలి. దొంగతనం దొంగతనమే కదా, కారణంతో పనేమిటి అనొచ్చు. నిజమే, పక్కవాడి గంటలు తీసుకోవడం ఆనాటి లెక్కలోనూ తప్పే. ఇక్కడ పట్టించుకోవాల్సింది తప్పు ఏ రూపంలో వచ్చిందన్నది. ఆ రోజుల్లో ఈ తప్పుకు కొలమానం ఉంది, బాధితుడి ఖాతాలో తగ్గిన నిమిషాలే ఆ కొలమానం. ఇదే సి.టి.ఎస్.ఎస్.లో 1960ల మధ్యలో ఇంకో ముచ్చట జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి వేర్వేరు ఫైళ్లను దిద్దుతుంటే, ఇద్దరి తాత్కాలిక ఫైలుకూ ఒకే పేరు కావడంతో రెండూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ ఆనాటి ప్రకటన కనిపించాల్సిన చోట అందరి పాస్‌వర్డుల పట్టిక ప్రత్యక్షమైంది. శుక్రవారం, సాయంత్రం అయిదు కావస్తోంది. అది గమనించిన ఒక వాడుకరి నిర్వాహకుల కోసం వెతుకుతూ కూర్చోలేదు. డీబగ్గరులోకి వెళ్లి, యంత్రం కుప్పకూలుతుందని తెలిసిన ఆదేశాన్ని కావాలనే ఇచ్చాడు, మొత్తం వ్యవస్థ ఆగిపోయింది. ఇప్పటి నియమావళి ఏది తీసి చూసినా వ్యవస్థను కావాలని ఆపడం ఘోరమైన ఉల్లంఘన. ఆ సాయంత్రం మాత్రం అంతకంటే బాధ్యతగల పని ఇంకొకటి లేదు. యంత్రం అందరిదన్న స్పృహ ఉన్నవాడికే ఆ పని తోస్తుంది.

కాస్త ఉత్తరాన డార్ట్‌మౌత్ కళాశాలలో పంపకాన్ని ఇంకో రకంగా ఆలోచించారు. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు విద్యార్థుల సాయంతో కట్టిన ఏర్పాటు 1964 మే 1న తెల్లవారుజామున నాలుగు గంటలకు తొలిసారి నడిచింది. బేసిక్ భాష పుట్టింది కూడా ఆ వేళే. కెమెనీ దృష్టిలో కంప్యూటరు గ్రంథాలయం లాంటిది. విద్యార్థి బీరువాల మధ్య తిరిగి తనకు నచ్చిన పుస్తకం తీసుకుంటాడు, ఎందుకు చదువుతున్నావని ఎవరూ అడగరు, టెర్మినల్ దగ్గరా అంతే. సాహిత్యం చదివేవాడైనా కూర్చోవచ్చు, ఆటలు ఆడుకోవచ్చు. ఇది ఉదారత కొద్దీ అన్న మాటలా వినిపిస్తుంది గానీ దాని వెనక గట్టి ఇంజనీరింగు లెక్క ఉంది. చిన్న ప్రోగ్రాములకు వెంటనే జవాబు వచ్చేలా కాలాన్ని ముక్కలు చేస్తే కొత్తవాడు ఎవరి దారికీ అడ్డు రాడు. పంపకాన్ని యంత్రమే సరిగ్గా చేస్తున్నప్పుడు నిషేధాల జాబితాతో అవసరం తక్కువ. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నింటికంటే తెలివైన నిర్ణయంగా తోచేది ఇదే, విచిత్రంగా దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. బేసిక్ భాష మిగిలింది, దాని వెనకున్న రాజ్యాంగం మరుగున పడింది.

ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో దీన్ని ఇంకా కొసకు లాగారు. అక్కడ ఐ.టి.ఎస్. అనే వ్యవస్థకు పాస్‌వర్డులే లేవు. ఎవరి ఫైలైనా ఎవరైనా చూడొచ్చు. వ్యవస్థను కూలగొట్టే ఆదేశం కూడా అందరికీ అందుబాటులో ఉండేది. ఎవడైనా కొట్టగలిగేదాన్ని కొట్టి గొప్పలు పోవడంలో పస ఉండదని వాళ్ల లెక్క. ప్రయోగశాలతో సంబంధం లేని బయటివాళ్లను ‘టూరిస్టులు’ అనేవారు. పని ఒత్తిడి లేని వేళల్లో వాళ్లు వచ్చి వాడుకోవచ్చు, కాకపోతే లోపలివాళ్ల పనికి అడ్డు తగలకూడదు. తర్వాత తర్వాత ఈ అలవాటునే కాగితం మీద పెట్టారు. తొలినాటి వినియోగ నియమాల్లో ఒకటైన ఆ పత్రం అతిథి మర్యాదల భాషలో ఉంటుంది, నేరాల భాషలో ఉండదు. 1970ల చివర్లో పక్కనున్న కంప్యూటర్ సైన్స్ ప్రయోగశాల యంత్రానికి పాస్‌వర్డులు పెట్టినప్పుడు రిచర్డ్ స్టాల్‌మన్ వాటిని ఛేదించి, ఒక్కొక్కరికీ సందేశం పంపాడు: నీ పాస్‌వర్డు ఇదని తెలిసింది, దీనికంటే ఖాళీగా వదిలేయడం సులువు, నువ్వూ అలాగే చేయొచ్చు కదా అని. వాడుకరుల్లో ఐదో వంతు మంది ఆయన మాట విన్నారని స్టీవెన్ లెవీ ఆ కాలపు చరిత్రలో రాశాడు.

ఇదంతా విని ముచ్చటపడే ముందు ఒక గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఆ ప్రయోగశాల ఒక చిన్న క్లబ్బు. దాదాపు అందరూ మగవాళ్లు, ఒకే రకం చదువు, ఒకే రకం హాస్యం, ఒకరి ముఖం ఒకరికి తెలుసు. రక్షణ శాఖ నిధులు బయట కాపలా కాస్తుంటే లోపల తలుపులు తీసి పెట్టుకోవడం కష్టం కాదు. పైగా వాళ్లేమీ ముత్యాలు కాదు. 1963 నవంబరులోనే ఎం.ఐ.టి. విద్యార్థి పత్రిక ‘ది టెక్’ టెలిఫోన్ హ్యాకర్ల మీద వార్త వేసింది. ఎం.ఐ.టి.కీ హార్వర్డ్‌కూ మధ్య ఉన్న లైన్లన్నిటినీ వాళ్లు ఒకేసారి బిగించేశారనీ, దూరప్రాంతాలకు చేసిన కాల్స్‌ను పక్కనున్న రాడారు కేంద్రం ఖాతాలో వేశారనీ అందులో ఉంది. ఆ కారణంగానే విద్యాసంస్థ కొన్ని టెలిఫోన్ సౌకర్యాలు తగ్గించింది. అంటే ఆ స్వర్ణయుగంలోనూ కొందరి సరదాకు మిగతావాళ్లు డబ్బు కట్టారు. ఈ అభ్యంతరాన్ని నేను కాదనను. అయితే అది నిరూపించేది, బాధ్యతకు పరిచయం ఒక్కటే పునాది కాలేదని. డార్ట్‌మౌత్ ఏర్పాటు కళాశాల గోడలు దాటి ఉన్నత పాఠశాలల దాకా వెళ్లింది. అక్కడి పిల్లలు కెమెనీ ముఖం కూడా చూసి ఉండరు. అది నడిచింది పరిచయం వల్ల కాదు, తన వంతు ఎంతో, ఎదుటివాడి వంతు ఎంతో ఏర్పాటులోనే తెలిసేలా ఉండడం వల్ల.

1969లో అర్పానెట్ అనే నెట్‌వర్కు నాలుగు చోట్ల మొదలై విశ్వవిద్యాలయాల యంత్రాలను ఒకదానికొకటి కలుపుకుంటూ పోయాక ఈ లెక్క చెదిరింది. వాడేవాడు ఒక ఊళ్లో, యంత్రం ఇంకో ఊళ్లో, ఖర్చు వాషింగ్టన్‌లో. ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాల 1982లో కొత్తవాళ్ల కోసం వేసిన కరదీపికలో ఆనాటి సందిగ్ధం బాగా కనిపిస్తుంది. ప్రభుత్వ పనికి నేరుగా సంబంధం లేనిదేదైనా ఈ నెట్‌వర్కులో చట్టవిరుద్ధమేనని మొదట అంటుంది. వెంటనే, మిత్రుణ్ని పలకరిస్తూ నాలుగు ముక్కలు రాస్తే దాన్ని ఎవరూ తప్పుగా చూడరని సర్దుతుంది. లాభం కోసమో రాజకీయం కోసమో ఉత్తరాలు పంపితే మాత్రం అది చట్టవిరుద్ధమే కాదు, సంఘవిరుద్ధం కూడానని తేల్చేస్తుంది. నియమం ఒకటి, ఆచారం ఒకటి. వాటి మధ్య దూరాన్ని పెద్దల విచక్షణకు వదిలేశారు. కాగితం మీద ఉన్నదానికీ అందరూ చేసేదానికీ ఇంత ఎడం ఉన్నప్పుడు, ఏ రోజైనా ఎవరినైనా కాగితం చూపించి పట్టుకోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత అదే జరిగింది కూడా.

ఈలోగా పాత లెక్కల పుస్తకం తన విలువ ఒకసారి చూపించింది. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటరు కాలానికి విభాగాల దగ్గర డబ్బు వసూలు చేసేవారు. ఆ ఖాతాల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. దాన్ని సరిచూడమని క్లిఫోర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అప్పగించారు. డబ్బు కట్టని ఖాతాదారు ఎవరా అని తవ్వుకుంటూ పోతే, దారి పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో మార్కస్ హెస్ అనే వ్యక్తి దాకా వెళ్లింది. సైనిక సమాచారం సంపాదించి సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముతున్న ముఠా అది. కాపలా వ్యవస్థలు పట్టుకోలేనిదాన్ని వాటాల లెక్క పట్టుకుంది. ఆ తర్వాతి దశకంలో యంత్రాలు చవకయ్యాయి, విశ్వవిద్యాలయాలు కంప్యూటరు కాలానికి లెక్క కట్టడం మానుకున్నాయి. లెక్కతోపాటే, పక్కవాడి వంతు తగ్గితే కనిపించే కిటికీ కూడా మూసుకుపోయింది.

1988 నవంబరు 2 రాత్రి జరిగింది అందరికీ కొంత తెలిసిన కథే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పరిశోధక విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ తనంతట తాను పాకే ఒక ప్రోగ్రాము రాసి ఇంటర్నెట్‌లో వదిలాడు. కార్నెల్ నుంచి కాకుండా, ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలోని ఒక యంత్రం మీద నుంచి వదిలాడు. టూరిస్టులకు తలుపులు తీసిన పాత ఇల్లే అది. ఆ వర్ము నాలుగు దారుల్లో ప్రయాణించింది. సెండ్‌మెయిల్‌లో పరీక్షల కోసం వదిలేసిన ఒక తలుపు, ఫింగర్ అనే చిన్న సేవలో పట్టనంత సమాచారం కుక్కితే విరిగే బలహీనత, ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని పాస్‌వర్డు అడక్కుండా నమ్మే ఏర్పాటు, చివరగా పాస్‌వర్డులను ఊహించడం. ఊహించే పద్ధతి చూస్తే ఆనాటి అలవాట్లు తెలుస్తాయి. ముందు ఖాళీ పాస్‌వర్డు, తర్వాత ఖాతా పేరే పాస్‌వర్డుగా, ఆ పేరునే రెండుసార్లు కలిపి, వెనక నుంచి తిప్పి, మనిషి అసలు పేరు, ఇంటిపేరు. అవేవీ కుదరకపోతే లోపల దాచుకున్న 432 మాటల చిట్టా. స్టాల్‌మన్ కోరిక మీద కొందరు ఖాళీగా వదిలిన గడిని ఈసారి తట్టింది మనిషి కాదు. ఇంకో విడ్డూరం, యూనిక్స్ పాస్‌వర్డులను భద్రం చేసే పద్ధతి గురించి 1979లో కెన్ థాంప్సన్‌తో కలిసి ప్రసిద్ధ వ్యాసం రాసినది ఈ కుర్రాడి తండ్రే.

వర్ము ఏ ఫైలునూ చెరపలేదు, ఏదీ దొంగిలించలేదు. దెబ్బ ఇంకోలా పడింది. కొత్త యంత్రంలోకి వెళ్లినప్పుడు అక్కడ తన ప్రతి ఇంకోటి ఉందేమోనని అడిగేది. ఉందంటే తప్పుకోవాలి. కానీ ఎవరైనా అబద్ధపు ‘ఉంది’తో దాన్ని ఆపేస్తారేమోనని మోరిస్ ఒక జాగ్రత్త పెట్టాడు: ఏడింట ఒకసారి ఆ జవాబును లెక్కచేయకుండా ఉండిపోవాలని. ఆ ఏడింట ఒకటి చాలా ఎక్కువైంది. ఒక్కో యంత్రంలో ప్రతుల మీద ప్రతులు పేరుకుని, మిగతా పనులకు చోటు లేకుండా పోయింది. అప్పటి ఇంటర్నెట్‌లో దాదాపు 60,000 యంత్రాలుంటాయనీ, వాటిలో పదో వంతుకు సోకిందనీ ఒక ఉజ్జాయింపు పత్రికలకెక్కి, 6,000 అన్న అంకె స్థిరపడింది. నష్టాన్ని అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయం లక్ష డాలర్ల నుంచి కోటి డాలర్ల దాకా ఎంతైనా కావచ్చంది, అంటే అంచనా కట్టలేమని మర్యాదగా చెప్పింది. పరిస్థితి చేయిదాటిందని తెలిశాక మోరిస్ హార్వర్డ్‌లో ఉన్న మిత్రుడి ద్వారా ఆపే మార్గాన్ని పేరు లేని సందేశంగా పంపించాడు. నెట్‌వర్కే స్తంభించి ఉండడంతో అది చేరాల్సినవాళ్లకు సమయానికి చేరలేదు. మరమ్మతు మాత్రం బర్క్‌లీ, ఎం.ఐ.టి., పర్డ్యూ లాంటి చోట్ల ఉన్నవాళ్లు రాత్రంతా మేలుకుని వర్మును విప్పి చూసి, మందు కనిపెట్టి ఒకరికొకరు అందించుకోవడం వల్ల జరిగింది. భయపడి తీగ పీకేసుకున్నవాళ్లకు ఆ మందు ఆలస్యంగా అందింది.

కార్నెల్ విశ్వవిద్యాలయం వేసిన విచారణ సంఘం 1989 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. అందులో నా వాదనకు ప్రాణం లాంటి చిన్న అంశం ఒకటుంది. కంప్యూటర్ సైన్స్ విభాగానికి అప్పటికే రాతపూర్వక నియమావళి ఉంది. ఇతరుల ఫైళ్లు చూడకూడదు, సంకేతాల్లో దాచినదాన్ని ఛేదించకూడదు, తనకు లేని అధికారాలు సంపాదించకూడదు అని మూడు నిషేధాలు. మోరిస్ మూడింటినీ ఉల్లంఘించాడు. నియమావళి ప్రతి అతనికి ఇచ్చినట్టే ఉంది, చదివాడో లేదో తెలియదు. దాని గురించి చెప్పిన ప్రారంభోపన్యాసానికి క్యాంపస్‌లోనే ఉండి కూడా బహుశా వెళ్లలేదు. కార్నెల్ నియమాలు దేశంలోని ఇతర విభాగాలకు ఏమీ తీసిపోవని కూడా సంఘం తేల్చింది. అంటే కాగితం ఉంది, మంచి కాగితమే, చేతికీ అందింది. చదివి ఉన్నా ఆ కుర్రాడు మానేవాడు కాదేమో అని ఎవరైనా అంటే, నేనూ అదే అంటాను. ఆ మూడు నిషేధాల్లో ఎక్కడా అసలు జరిగిన హాని లేదు. వేలమంది తెలియనివాళ్ల పనిగంటలు తినేయకూడదన్న మాట ఆ కాగితం చెప్పలేదు. సంఘం మోరిస్ పనిని బాల్యచేష్టగా ఖండిస్తూనే, పండితుల సమాజం ఆకాశమెత్తు గోడలు కట్టుకుని బతకలేదనీ, ఆ గోడలు విజ్ఞానం రాకపోకలకే అడ్డవుతాయనీ హెచ్చరించింది. ఆ హెచ్చరికను విన్నవాళ్ల కంటే గోడలు కట్టినవాళ్లే ఎక్కువ.

వర్ము వచ్చిన రెండు నెలల్లోనే, 1989 జనవరిలో, ఇంటర్నెట్ సాంకేతిక వ్యవహారాలు చూసే మండలి నైతికత మీద ఒక ప్రకటన వెలువరించింది. అది అనైతికమని ఎంచిన అయిదు పనుల్లో మూడోది వనరులను వృథా చేయడం. ఆ వనరుల్లో యంత్రాలు, సామర్థ్యంతోపాటు మనుషులను కూడా లెక్కేశారు. పాత వాటాల ఆలోచన చివరిసారి స్పష్టంగా పలికింది అక్కడే. అసలు మలుపు కోర్టులో వచ్చింది. 1986 నాటి కంప్యూటరు మోసాల చట్టం కింద 1990 జనవరిలో సిరక్యూస్‌లో జ్యూరీ మోరిస్‌ను దోషిగా తేల్చింది. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. కార్నెల్, హార్వర్డ్, బర్క్‌లీ యంత్రాలు వాడే అనుమతి తనకుందనీ, దాన్ని మించి ఉండొచ్చుగానీ అనుమతే లేకుండా చొరబడలేదనీ అప్పీలులో వాదించాడు. 1991 మార్చిలో రెండో సర్క్యూట్ కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. సెండ్‌మెయిల్‌నూ ఫింగర్‌నూ వాటికి ఉద్దేశించిన పనికి వాడలేదు కాబట్టి అది అనధికార ప్రవేశమే అంది. హాని చేసే ఉద్దేశం ఉందా లేదా అన్నది నిరూపించనక్కర్లేదని కూడా చెప్పింది. శిక్ష మృదువుగానే ఉంది, మోరిస్ తర్వాత ఎం.ఐ.టి.లోనే ఆచార్యుడయ్యాడు. కానీ ప్రశ్న మారిపోయింది. ఎవరి వంతు ఎవరు తిన్నారు అన్నచోట, యజమాని అనుమతి ఎంతవరకు అన్నది వచ్చి చేరింది. అప్పటి నుంచి వినియోగ నియమావళులు న్యాయవాదుల చేతుల్లోకి వెళ్లాయి.

వాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేం. 1995 ఏప్రిల్‌లో అమెరికా ఇంటర్నెట్‌కు వెన్నెముకగా ఉన్న ఎన్.ఎస్.ఎఫ్.నెట్ ఆగిపోయి, చదువు, పరిశోధన తప్ప వాణిజ్యం కూడదన్న దాని షరతు కూడా పోయాక, ముప్పై వేలమంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయం ఒక చిన్న పట్టణానికి ఇంటర్నెట్ సరఫరా చేసే సంస్థ అయిపోయింది. పాటల దొంగరవాణా నుంచి బెదిరింపు ఉత్తరాల దాకా దేనికైనా జవాబు చెప్పుకోవాలి. అలాంటప్పుడు రాతకోతలు లేకుండా నడవదు. నా అభ్యంతరం రాత మీద కాదు. ఆ రాతకు ఏమీ తెలియజెప్పని గుణం ఉంది, మరీ ఎక్కువ శక్తినిచ్చే గుణమూ ఉంది. ఈ రెండోది 2011లో బయటపడింది.

ఆరన్ స్వార్ట్జ్ హార్వర్డ్‌లో ఫెలో. 2010 సెప్టెంబరు నుంచి ఎం.ఐ.టి. నెట్‌వర్కులో అతిథిగా ప్రవేశించి, జేస్టోర్ భాండాగారం నుంచి దాదాపు 48 లక్షల పరిశోధన వ్యాసాలూ ఇతర పత్రాలూ దింపుకున్నాడు. ఒక భవనం నేలమాళిగలో తీగల గదిలో ల్యాప్‌టాప్ దాచి పని కానిచ్చాడు. 2011 జనవరి 6న అరెస్టయ్యాడు, చివరికి అతని మీద 13 ఆరోపణలు నిలిచాయి. విచారణ మొదలుకాకముందే, 2013 జనవరిలో, 26 ఏళ్లకే మరణించాడు. అతను చేసినదానిలో పంపకం కోణం రెండు వైపులా పదునున్నది. అతని డౌన్‌లోడ్ల తాకిడికి జేస్టోర్ కొన్ని రోజులు ఎం.ఐ.టి. మొత్తానికీ తలుపు మూసేసింది, ఆ రోజుల్లో అక్కడి పరిశోధకులు వ్యాసాలు లేక ఇబ్బంది పడ్డారు. ఇది నిజమైన హాని, దాన్ని అతని అభిమానులు తేలిగ్గా దాటేస్తారు. మరోవైపు, ప్రజాధనంతో జరిగిన పరిశోధనలో ప్రజల వాటా ఎంత అన్న అతని ప్రశ్న కూడా నిజమైనదే. కోర్టు ముందున్న ఆరోపణపత్రానికి ఈ రెంటిలో ఏదీ కేంద్రం కాదు, అనధికార ప్రవేశమే కేంద్రం. హాల్ ఏబెల్సన్ నాయకత్వంలో ఎం.ఐ.టి. సంఘం 2013 జులైలో ఇచ్చిన నివేదిక ఇక్కడే ఇరకాటమైన సంగతి బయటపెట్టింది. అతిథులకు తెరిచి ఉంచిన నెట్‌వర్కులో అతని ప్రవేశం అనధికారమా కాదా అని ఎం.ఐ.టి.ని ప్రాసిక్యూషనూ అడగలేదు, డిఫెన్సూ అడగలేదు, ఎం.ఐ.టి. తనను తానూ అడుక్కోలేదు. తన నియమానికి అర్థం చెప్పాల్సిన సంస్థ తటస్థంగా కూర్చుంది.

2021 జూన్ 3న వాన్ బ్యూరెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో 1986 నాటి ఆ కంప్యూటరు మోసాల చట్టాన్ని కుదించింది. అనుమతి ఉన్న సమాచారాన్ని కూడని పనికి వాడుకున్నంత మాత్రాన ఆ చట్టం కింద నేరం కాదంది. లేకపోతే ఆఫీసు కంప్యూటరులో సొంత ఉత్తరం రాసినవాడూ నేరస్థుడే అవుతాడని ఎత్తిచూపింది. ముప్పై ఏళ్లపాటు నియమావళుల వెనక నీడలా నిలిచిన చట్టబలం చాలావరకు తొలగింది. కాగితం మళ్లీ కాగితమైంది.

మన దేశంలో ఈ చరిత్ర కాస్త వేరు. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా పరిశోధన సంస్థల నెట్‌వర్కు ఎర్నెట్‌ను ప్రారంభించినప్పుడు అందులో ఎనిమిది సంస్థలే ఉన్నాయి: అయిదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి., ఢిల్లీలో ఆ శాఖ. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను ప్రజలకు ఇచ్చేదాకా అది ప్రధానంగా చదువుకునేవాళ్ల సొత్తు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 43వ సెక్షను యజమాని అనుమతి చుట్టూనే తిరుగుతుంది. అయితే 2008 సవరణ తర్వాత 66వ సెక్షను కింద జైలుశిక్ష పడాలంటే దురుద్దేశమో మోసమో ఉండాలి. మోరిస్ కేసులో కోర్టు అక్కర్లేదన్నదాన్ని మన చట్టం అడుగుతోంది. ఈ విషయంలో మనదే మెరుగు.

పంపకం ప్రశ్నను కూడా ఇటీవల ఢిల్లీలో నేరుగా ముట్టుకున్నారు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకు, సుమారు 1.8 కోట్ల మందికి అందిస్తుంది. అయితే ఇది ప్రభుత్వ విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకూ పరిమితం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజనీరింగు చదివేవాళ్లలో అత్యధికులు ప్రైవేటు కళాశాలల్లో ఉన్నారు. ఒక వ్యాసం కోసం వెతికి, డబ్బు కట్టమనే తెర దగ్గర ఆగిపోయి, దొంగ ప్రతి దొరికే చోటికి వెళ్లే విద్యార్థిని ఏ నియమం కింద తప్పుపట్టాలో ఆ కళాశాలల నియమావళులు చెప్పగలవు. అతనికి న్యాయంగా రావాల్సింది ఎంతో చెప్పడానికి మాత్రం వాటిలో చోటు లేదు. ఆ అంకె వేయాల్సింది కళాశాల గ్రంథాలయ బడ్జెట్లోనూ, ఆ పథకం తర్వాతి దశ అర్హతల జాబితాలోనూ.